తెగేదాకా లాగకుండా: విద్యుత్ కేబుళ్ళ ఇన్సులేషన్ పరీక్షల చరిత్ర

సంతలో కుండ కొనేవారు దాన్ని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొంగురుగా పలికితే పక్కన పెడతారు. గట్టిదో కాదో తేల్చుకోవడానికి కుండను నేలకేసి కొట్టేవారు ఉండరు. అయితే వేలితో కొట్టినదీ దెబ్బే. కంటికి కనిపించని నెర్రె ఉన్న కుండకు ఆ చిన్నదెబ్బే పెద్దపగులుగా మారవచ్చు. భూగర్భంలోనూ సముద్రగర్భంలోనూ వేసే విద్యుత్ కేబుళ్ళ ఇన్సులేషన్‌ను పరీక్షించే విద్య నూటయాభై ఏళ్ళకు పైగా ఈ చిక్కుతోనే పెనుగులాడుతూ వచ్చింది.

కేబుల్ నిర్మాణం సూత్రప్రాయంగా చాలా సులభం. మధ్యన రాగి లేదా అల్యూమినియం వాహకం, దాని చుట్టూ విద్యుత్తును బయటికి పోనివ్వని తొడుగు, ఆపైన రక్షణ కవచం. వాహకం చెడిపోవడం అరుదు. కేబుల్ ఆయుష్షు అంటే నిజానికి ఆ తొడుగు ఆయుష్షే. తొడుగు లోపల ఏముందో కంటికి కనబడదు. కోసి చూస్తే కేబులే పోతుంది. అందువల్ల ఇంజనీర్లకు మిగిలిన దారులు రెండు. తక్కువ వోల్టేజి పెట్టి, తొడుగు గుండా ఎంత విద్యుత్తు కారుతోందో కొలవడం ఒకటి. కేబుల్ రోజూ మోసే వోల్టేజికి రెండు మూడు రెట్లు పెట్టి, నిలుస్తుందో కూలుతుందో చూడడం రెండోది. మొదటిదాన్ని కొలత అనీ, రెండోదాన్ని ఒత్తిడి అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తాను. ఒత్తిడి పరీక్ష “ఈ కేబుల్ ఈరోజు నిలిచిందా?” అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. “ఇంకెంతకాలం నిలుస్తుంది?” అన్న ప్రశ్నకూ అదే జవాబని పొరబడినప్పుడల్లా ఈ విద్యలో గట్టి దెబ్బ తగిలింది. ఆ దెబ్బల్లో రెండింటిని, 1858 నాటిదాన్నీ 1970ల తరువాతిదాన్నీ, ఇక్కడ కొంత వివరంగా పరిశీలిద్దాం.

చెట్టు పాలు, సముద్రపు నీరు

నీటి అడుగున తీగ వేసే తొలి ప్రయత్నాలలో ఒకటి మన దేశంలోనే జరిగింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన విలియం ఓషానెసీ 1839లో కలకత్తా దగ్గర హుగ్లీ నది అడుగున తీగ వేసి సంకేతాలు పంపాడు. తారు పట్టించిన నార, చీల్చిన పేము బద్దలు అతని తొడుగు. నదికి అది చాలింది కాని, సముద్రానికి చాలదు.

సముద్రానికి చాలిన పదార్థం మలయా అడవుల నుంచి వచ్చింది. గట్టా పెర్చా అనే చెట్టుపాలు గాలికి గట్టిపడతాయి, వేడినీటిలో మెత్తబడతాయి, చల్లారితే ఇచ్చిన ఆకారాన్ని నిలుపుకుంటాయి. సింగపూర్‌లో వైద్యుడుగా ఉన్న విలియం మాంట్‌గోమరీ 1840ల తొలి సంవత్సరాలలో దీని నమూనాలు లండన్‌కు పంపాడు. 1847లో వెర్నర్ సీమెన్స్ దీన్ని తీగచుట్టూ అతుకు లేకుండా ఒత్తే యంత్రాన్ని రూపొందించాడు. 1848లో మైకేల్ ఫారడే దీని విద్యుత్ నిరోధక గుణాన్ని ప్రకటించాడు. 1851 నాటికి ఇంగ్లండ్, ఫ్రాన్సుల మధ్య గట్టా పెర్చా తొడుగుతో, ఇనుప తీగల కవచంతో కేబుల్ పనిచేయసాగింది. పాలకోసం చెట్లను నరికివేయవలసి రావడంతో తరువాతి దశాబ్దాలలో మలయా అడవులు చెల్లించిన మూల్యం వేరే కథ.

అప్పటికి ఇన్సులేషన్ పరీక్ష అంటే ఒక బ్యాటరీ, ఒక గాల్వనోమీటర్. ముల్లు ఎక్కువ కదిలితే తొడుగులో లోపమున్నట్టు, తక్కువ కదిలితే బాగున్నట్టు. ఎంత కదిలితే ఎక్కువ? చెప్పడానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకరి బ్యాటరీ ఒకరికి పొసగదు, ఒకరి ముల్లు మరొకరి ముల్లుతో సరిపోలదు.

1858: రెండువేల వోల్టుల పాఠం

అట్లాంటిక్ కేబుల్ ఈ స్థితిలోనే తయారైంది. ఒక నాటికల్ మైలుకు 107 పౌన్ల రాగి, 261 పౌన్ల గట్టా పెర్చా. తయారైన కేబుల్‌ను కొంతకాలం ఎండలో పడవేశారు. గట్టా పెర్చా మెత్తబడి, మధ్యలో ఉండవలసిన రాగి కొన్నిచోట్ల పక్కకు ఒరిగింది. మొత్తం కేబుల్‌ను నీటిలో ముంచి పరీక్షించే పద్ధతి అప్పటికి లేదు. 1857లో వేయబోతే తెగిపోయింది. 1858 ఆగస్టు 5న ఐర్లండ్, న్యూఫౌండ్‌లాండ్ తీరాలు కలిశాయి. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డుకు చేరడానికి 16 గంటలు పట్టింది.

ఆ మందకొడితనానికి కారణాన్ని విలియం థామ్సన్ (తరువాతి కాలపు లార్డ్ కెల్విన్) నాలుగేళ్ళ ముందే లెక్క కట్టాడు. కేబుల్ ఒక పొడవాటి లేడెన్ జాడీ వంటిది. సంకేతం చేరేలోగా ఆ జాడీ అంతా నిండాలి. నిండే కాలం పొడవు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. కంపెనీకి విద్యుత్ నిపుణుడైన వైల్డ్‌మన్ వైట్‌హౌస్ ఈ సూత్రాన్ని ఒప్పుకోలేదు. అతడు బ్రైటన్‌లో శస్త్రవైద్యుడు, ప్రయోగాలలో శ్రద్ధాసక్తులున్నవాడు. సంకేతం నీరసంగా ఉంటే బలంగా తోస్తే సరిపోతుందని అతని నమ్మకం. అయిదడుగుల పొడవున్న ఇండక్షన్ కాయిళ్ళతో సుమారు 2,000 వోల్టులను కేబుల్‌లోకి పంపాడు. థామ్సన్ మాత్రం తక్కువ వోల్టేజి పంపి, తాను తయారుచేసిన అద్దపు గాల్వనోమీటర్‌తో అతిస్వల్ప కదలికను చదివే దారి ఎంచుకున్నాడు.

సెప్టెంబరు మొదటి వారానికల్లా కేబుల్ దాదాపు మూగబోయింది. బతికిన కొద్దివారాలలో అది మోసిన సందేశాలలో ఒకటి భారతదేశానికి సంబంధించినది. 1857 తిరుగుబాటును అణచడానికి కెనడా నుంచి బయలుదేరవలసిన రెండు రెజిమెంట్లను, ఇక అవసరం లేదంటూ ఆ కేబుల్ ద్వారానే ఆపారు. దాని వల్ల సుమారు 50,000 పౌన్లు మిగిలాయని అప్పట్లో చెప్పుకున్నారు.

నింద అంతా వైట్‌హౌస్ మీద పడింది. కంపెనీ అతణ్ణి తొలగించింది. అయితే బ్రూస్ హంట్ వంటి చరిత్రకారులు ఈ కథ అంత సూటిది కాదని చూపారు. కేబుల్ వేసే నాటికే అందులో లోపాలున్నాయి. వైట్‌హౌస్ వోల్టేజి ఆరోగ్యంగా ఉన్నదాన్ని చంపలేదు, రోగాన్ని ముదిరించింది. ఈ తేడా మన విషయానికి ముఖ్యం. ఉప్పునీరు చేరిన సన్నని బెజ్జం దగ్గర ఎక్కువ వోల్టేజి పెడితే అక్కడ గట్టా పెర్చా కాలి, బెజ్జం పెద్దదవుతుంది. అదే బెజ్జం తక్కువ వోల్టేజి దగ్గర కొంతకాలం సంకేతాలను పోనిచ్చేది. అంటే అధిక వోల్టేజి లోపాన్ని బయటపెట్టడమే కాదు, పెంచుతుంది కూడా. కేబుల్ ఒడ్డున ఉండగా ఇలా జరిగితే మేలు. ఆ ముక్క కోసి మళ్ళీ అతకవచ్చు. సముద్రం అడుగున జరిగితే పెట్టుబడి అంతా నీటిపాలు.

ఓమ్ ఎక్కడ పుట్టింది?

మరుసటి దెబ్బ ఇండియా దారిలోనే తగిలింది. తిరుగుబాటు తరువాత లండన్‌కు కలకత్తాతో వేగంగా మాట్లాడవలసిన అవసరం తోచి, బ్రిటిష్ ప్రభుత్వం పూచీపడగా 1859-60లో సూయజ్ నుంచి ఎర్రసముద్రం మీదుగా కరాచీ దాకా కేబుల్ వేశారు. కొద్దికాలంలోనే అదీ ముక్కలు ముక్కలుగా చెడిపోయింది. రెండు వైఫల్యాలూ కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. బోర్డ్ ఆఫ్ ట్రేడ్, అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కంపెనీ కలిసి నియమించిన సంఘం 1861లో నివేదిక వెలువరించింది. అప్పటిదాకా ప్రపంచంలో వేసిన 11,364 మైళ్ళ సముద్ర కేబుల్‌లో పనిచేస్తున్నది సుమారు 3,000 మైళ్ళేనని అది తేల్చింది.

అందులోని సాక్ష్యాలు చదివితే కనిపించే అసలు లోపం గట్టా పెర్చాది కాదు, కొలతలది. ఎవరి పరీక్షను ఎవరూ సరిచూడలేని స్థితి. 1860లో సీమెన్స్ సోదరులు సముద్ర కేబుళ్ళ పరీక్షా విధానాల మీద బ్రిటిష్ అసోసియేషన్‌కు పత్రం సమర్పించారు. 1861లో లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ విద్యుత్ రాశులకు ఉమ్మడి ప్రమాణాలు కావాలనీ, వాటికి శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టాలనీ ప్రతిపాదించారు. ఆ ఏడే థామ్సన్ చొరవతో అసోసియేషన్ ఒక సంఘాన్ని ఏర్పరచింది. నేడు బడిపిల్లలు వల్లించే ఓమ్, వోల్ట్ అన్న పేర్ల వెనుక ఉన్న తొందర ఇదే. భౌతికశాస్త్ర గ్రంథాలు ఈ ప్రమాణాలను పరిశోధనశాల సంతానంగా చూపుతాయి కాని, వాటికి పురుడు పోసినది కేబుల్ కర్మాగారం.

ఈ కొత్త క్రమశిక్షణ తొలి ఫలం 1864 నాటి పర్షియన్ గల్ఫ్ కేబుల్. క్లార్క్, బ్రైట్ల పర్యవేక్షణలో తయారైన ఈ కేబుల్‌ను ముక్కముక్కనూ నీటి తొట్లలో ముంచి, 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, నిరోధం కొలిచి పద్దు రాశారు. ఉష్ణోగ్రతను స్థిరపరచడం పైకి చిన్న సంగతిలా కనిపిస్తుంది. గట్టా పెర్చా నిరోధం వేడికి శరవేగంగా పడిపోతుంది. చలిదేశపు శీతకాలంలో కొలిచిన అంకె గల్ఫ్ వేసవికి ఏమీ చెప్పదు. ఈ కేబుల్ గ్వాదర్ నుంచి నేటి ఒమన్‌కు చెందిన ముసందం మీదుగా బుషైర్‌కూ, అక్కడి నుంచి ఫావుకూ సాగింది. ముసందం కొండల నడుమ ఉప్పుటేరులో కొన్నేళ్ళపాటు టెలిగ్రాఫ్ కార్యాలయం నడిచిన చిన్న దీవిని నేటికీ టెలిగ్రాఫ్ దీవి అంటారు. గల్ఫ్‌లో ఉన్న తెలుగువారు పడవమీద విహారానికి వెళ్ళి చూసివచ్చే ఆ రాళ్ళగుట్ట, కొలిచి నమ్మిన తొలితరం కేబుల్‌కు ఒక మజిలీ. 1870-71లో మద్రాసును పినాంగ్, సింగపూర్లతో కలిపిన కేబుల్ నాటికి ఈ పద్ధతి పరిపాటి అయింది.

ఆ తొట్ల దగ్గర పనిచేసినవారు ఒక వింత గమనించారు. వోల్టేజి పెట్టిన వెంటనే కారుడు విద్యుత్తు ఎక్కువగా ఉండి, నిమిషాల తరబడి క్రమంగా తగ్గుతుంది. తొడుగు ఆవేశాన్ని మెల్లమెల్లగా పీల్చుకుంటోందన్నమాట. బ్యాటరీ తీసివేశాక పీల్చుకున్నదాన్ని మెల్లగా తిరిగి కక్కుతుంది. కొలతలో గందరగోళం లేకుండా, వోల్టేజి పెట్టిన ఒక నిమిషం తరువాత ముల్లు చదవాలని ఏర్పాటు చేసుకున్నారు. పీల్చుకున్న ఈ ఆవేశం వారికి చిన్న చికాకు మాత్రమే. వందేళ్ళ తరువాత ఇదే పెద్ద వివాదానికి కేంద్రమైంది.

కాగితపు కేబుళ్ళు, ఏకముఖ విద్యుత్తు

టెలిగ్రాఫ్‌కు పదుల వోల్టులు చాలు. దీపాలకు, మోటార్లకు విద్యుత్తు పంపవలసి వచ్చేసరికి తొడుగు మోయవలసిన భారం ఒక్కసారిగా పెరిగింది. సెబాస్టియన్ ఫెరాంటి లండన్‌లోని డెట్‌ఫర్డ్ కేంద్రం నుంచి నగరం నడిబొడ్డుకు 10,000 వోల్టుల దగ్గర విద్యుత్తు పంపాలని పూనుకున్నాడు. 1890 ప్రాంతాన ఆ వోల్టేజికి కేబుల్ చేసి ఇవ్వగలవారు లేక తానే చేసుకున్నాడు. ఒకదానిలో ఒకటి ఇమిడిన రాగి గొట్టాలు, నడుమ మైనం పట్టించిన గోధుమరంగు కాగితం, 20 అడుగుల ముక్కలు, కోసుగా చెక్కిన అతుకులు. అధికారుల భయం పోగొట్టడానికి అతడు చేయించిన ప్రదర్శన ఇంజనీరింగ్ చరిత్రలో పదేపదే చెప్పుకునే ఘట్టం. విద్యుత్తు ప్రవహిస్తున్న కేబుల్ మీద ఒక సహాయకుడు ఉలి పట్టుకోగా, మరొకడు సుత్తితో దాన్ని లోపలికి దిగగొట్టాడు. బయటి గొట్టం భూమికి కలిపి ఉన్నందున ఉలి పట్టినవాడికి ఏమీ కాలేదు. ఆ ప్రదర్శన మనిషి భద్రతను నిరూపించింది. తొడుగు ఆయుష్షు గురించి ఏమీ చెప్పలేదు. అది చెప్పడానికి కాలమే కావలసి వచ్చింది. ఆ కేబుళ్ళు 1933 దాకా పనిచేశాయి.

ఆ తరువాతి అరవై ఏళ్ళూ కాగితానిదే రాజ్యం. నూనె పట్టించిన కాగితం, పైన సీసపు తొడుగు. 1914 ప్రాంతంలో మార్టిన్ హొక్‌స్టాటర్ ఒక్కో వాహకపు కాగితం మీద పలుచని లోహపు పొర చుట్టి, విద్యుత్ క్షేత్రం కాగితపు పొరల వెంబడి పాకకుండా వాటికి అడ్డంగా మాత్రమే నడిచేలా చేశాడు. 1920లలో పిరెల్లీ కంపెనీకి చెందిన లుయీజీ ఎమాన్వేలి పలుచని నూనెను ఒత్తిడితో నింపి, కాగితం నడుమ గాలిబుడగలకు చోటు లేకుండా చేశాడు. దాంతో 1927లో న్యూయార్క్, షికాగోలలో 132 కిలోవోల్టుల కేబుళ్ళు భూగర్భంలోకి వెళ్ళాయి.

కర్మాగారంలో ఈ కేబుళ్ళను ఏకాంతర విద్యుత్తుతోనే పరీక్షించవచ్చు. అక్కడ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. వీధిలో వేసి, అతుకులు పెట్టిన తరువాత పరీక్షించడమే సమస్య. దీనికి చిన్న లెక్క చాలు. 11 కిలోవోల్టుల కేబుల్‌కు కిలోమీటరుకు సుమారు 0.3 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్ అనుకుందాం. అయిదు కిలోమీటర్ల కేబుల్‌కు 50 హెర్ట్జ్ దగ్గర 12.7 కిలోవోల్టులు పెట్టాలంటే దాదాపు 6 ఆంపియర్లు, అంటే 76 కిలోవోల్ట్-ఆంపియర్ల యంత్రం కావాలి. ఇందులో తొడుగు గుండా నిజంగా కారేది లేశమాత్రం. మిగిలినదంతా సెకనుకు వందసార్లు ఆ పొడవాటి లేడెన్ జాడీని నింపడానికీ ఖాళీ చేయడానికీ ఖర్చయ్యేదే. అంత యంత్రాన్ని లారీకెక్కించి వీధివీధికీ తిప్పాలి.

ఏకముఖ విద్యుత్తుకు ఈ బెడద లేదు. జాడీని ఒకసారి నింపితే చాలు. ఆ తరువాత కావలసింది కారుడుకు సరిపోయే మైక్రో ఆంపియర్లే. అధిక వోల్టేజి ఏకముఖ విద్యుత్తును పుట్టించడం మాత్రం మొదట కష్టమైంది. 1915 నాటికి జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాగారంలో సాల్ దష్మన్ కెనొట్రాన్ అనే శూన్యనాళికను అభివృద్ధి చేశాక ఆ దారి సుగమమైంది. ఒకరిద్దరు మోసుకుపోగల పెట్టెలోకి పరీక్ష ఇమిడింది.

కాగితానికి ఆ పరీక్ష చక్కగా నప్పింది. కాగితపు కేబుల్ ప్రధాన శత్రువు సీసం చిట్లినచోట దూరే తడి. తడిసిన కాగితం ఏకముఖ విద్యుత్తును ధారాళంగా కారనిస్తుంది. మీటర్ ముల్లు స్థిరపడకుండా పైకి పాకుతుంది. అనుభవం గల ఇంజనీరు ఆ పాకుడు చూసి, కూలకముందే వోల్టేజి తగ్గించగలడు. పైగా కాగితంలోని నూనె, పీల్చుకున్న ఆవేశాన్ని కాసేపట్లో వదిలివేస్తుంది. ఒకే పరీక్షలో ఒత్తిడీ కొలతా రెండూ కలిసి వచ్చాయి. మామూలు వోల్టేజికి నాలుగు రెట్లు, పదిహేను నిమిషాలు అన్న తరహా నియమాలు ప్రమాణాలలో స్థిరపడ్డాయి.

కొలత దారి కూడా ఆగలేదు. 1889లో సిడ్నీ ఎవర్‌షెడ్ చేతితో మోసే ఇన్సులేషన్ పరికరాన్ని రూపొందించాడు. 1903లో దానికి మెగ్గర్ అన్న వ్యాపారనామం వచ్చింది. మన ఊళ్ళలో మోటారు బాగుచేసే ఎలక్ట్రీషియన్ “ఒకసారి మెగ్గర్ చేసి చూద్దాం” అంటాడు. ఒక వ్యాపారనామం తెలుగులో క్రియగా స్థిరపడిపోయింది. ఆ పిడి తిప్పి ఒక నిమిషం ఆగి ముల్లు చదివే అలవాటు పర్షియన్ గల్ఫ్ కేబుల్ తొట్ల నుంచి వచ్చిన వారసత్వమే. 1920లో హెరాల్డ్ షేరింగ్ రూపొందించిన బ్రిడ్జి, తొడుగు వేడి రూపంలో ఎంత శక్తిని వృథా చేస్తోందో కొలవడం సాధ్యం చేసింది. కూల్చకుండానే జబ్బు పసిగట్టే సాధనం అది.

పాలిథీన్ చెట్లు

1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ల పాత్రలో ఊహించని విధంగా తెల్లని మైనం వంటి పదార్థం మిగిలింది. అది పాలిథీన్. రెండవ ప్రపంచయుద్ధంలో రాడార్ కేబుళ్ళకు ఆధారమైంది. 1960లలో దాని అణుశృంఖలాలను అడ్డంగా ముడివేసి వేడికి కరగకుండా చేసిన రూపం వచ్చింది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 7098 వర్ణించేది, మన వీధుల కింద నేడు ఉన్నది, చాలావరకు ఈ ఎక్స్.ఎల్.పి.ఇ. కేబులే. సీసం అక్కర్లేదు, నూనె కారదు, బరువు తక్కువ, అతుకు సులభం. నీటికి పాలిథీన్ చెక్కుచెదరదన్న ధీమాతో అమెరికాలో తొలితరం కేబుళ్ళను వెలుపలి తొడుగు సైతం లేకుండా నేలలో పాతిపెట్టారు.

1969లో జపాన్‌లో మియాషిత ఒక వింతను ప్రకటించాడు. తడిలో పనిచేసిన పాలిథీన్‌ను పలుచగా కోసి రంగు పట్టించి చూస్తే, లోపల కొమ్మలూ రెమ్మలూ వేసిన సూక్ష్మమైన చెట్లు కనిపించాయి. విద్యుత్ క్షేత్రం, తడి రెండూ కలిస్తే, ఏ చిన్న మలినం దగ్గరో మొదలై ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే నీటిచెట్లవి. 1970లలో అమెరికాలో వేసి పదేళ్ళయినా నిండని కేబుళ్ళు ఒకదాని తరువాత ఒకటి కూలసాగేసరికి, కారణం వెతికినవారికీ ఇవే చెట్లు కనిపించాయి. నీటిచెట్టు ఉన్నంత మాత్రాన కేబుల్ కూలదు. దాని కొసన ఏదో ఒకనాడు మెరుపు ఆకారపు విద్యుత్ చెట్టు పుడుతుంది. అది పుట్టాక కూలడానికి ఎంతోకాలం పట్టదు.

కేబుల్ మారింది కాని పరీక్ష మారలేదు. పెట్టెలున్నాయి, నియమాలున్నాయి, చేతి అలవాటుంది. కాగితానికి పుట్టిన ఏకముఖ విద్యుత్తు పరీక్షనే పాలిథీన్‌కూ పెట్టారు. చిత్రంగా, ఇలా పరీక్షలో నెగ్గిన పాత కేబుళ్ళు కొన్ని, విద్యుత్తు తిరిగి ఇచ్చిన కొద్దిరోజులకో వారాలకో కూలిపోవడం పలుచోట్ల కనిపించింది. “పరీక్ష చెయ్యకపోతేనే బతికేదేమో” అన్న అనుమానం క్షేత్ర ఇంజనీర్లలో ముందు పుట్టింది. పరిశోధన ఆ తరువాత వచ్చింది.

అనుమానానికి భౌతిక కారణం ఉంది. ఏకాంతర విద్యుత్తు కింద తొడుగులోని క్షేత్రాన్ని పదార్థపు పెర్మిటివిటీ పంచుతుంది. అది వేడితోనూ తడితోనూ అంతగా మారదు. ఏకముఖ విద్యుత్తు కింద పంపకం నిరోధాన్ని బట్టి జరుగుతుంది. అది చోటుచోటుకూ మారిపోతుంది. కాబట్టి ఏకముఖ పరీక్ష తొడుగును నొక్కే చోట్లు వేరు, నిత్యజీవితంలో తొడుగు నలిగే చోట్లు వేరు. అంతకన్నా ముఖ్యం, 1860లలో చికాకు పెట్టిన ఆ పీల్చుకున్న ఆవేశం. నూనెకాగితం దాన్ని వదిలివేసేది. అద్భుత నిరోధకమైన పాలిథీన్ వదలదు. నీటిచెట్ల కొమ్మల్లో చిక్కుకున్న ఆవేశం పరీక్ష ముగిసి, తీగను భూమికి కలిపిన తరువాత కూడా చాలాకాలం అక్కడే ఉంటుంది. అప్పుడు మామూలు ఏకాంతర వోల్టేజి ఇస్తే, వ్యతిరేక దిశ అర్ధచక్రంలో రెండు క్షేత్రాలూ ఒకచోట కూడి, విద్యుత్ చెట్టు పుట్టడానికి చాలినంత అవుతాయి.

అమెరికాలోని ఎలక్ట్రిక్ పవర్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1990లలో వెలువరించిన అధ్యయనాలు దీన్ని ప్రయోగపూర్వకంగా తేల్చాయి. క్షేత్రంలో వయసు మీరిన ఎక్స్.ఎల్.పి.ఇ. కేబుల్‌కు ఏకముఖ అధిక వోల్టేజి పరీక్ష సాధారణంగా ఆయుష్షు తగ్గిస్తుంది. కొత్త కేబుల్‌కు, వాడకంలోకి రాకముందు చేస్తే, చెప్పుకోదగ్గ హాని చేయదు. వీటికి తోడు మూడో ఫలితం ఇంకా ఇబ్బందికరమైనది. తొడుగులో పెద్దపెద్ద లోపాలున్నా, సిఫారసు చేసిన ఏకముఖ వోల్టేజి వాటిని పట్టలేకపోతోంది. అంటే ఆ పరీక్ష జబ్బున్నదాన్ని కనిపెట్టకుండా వదిలి, ఇంకా కొన్నేళ్ళు బతకగలదాన్ని కుంగదీస్తోంది. 2001 నాటి ఐ.ఇ.ఇ.ఇ. 400 మార్గదర్శకం ఈ హెచ్చరికను ప్రామాణికం చేసింది. నీటిచెట్లు బయటపడ్డ ఏటికీ దీనికీ నడుమ ముప్పై ఏళ్ళకు పైగా గడిచాయి.

ఈ ఆలస్యం అజ్ఞానం వల్ల జరిగిందని తోసిపుచ్చడం తేలిక. ఏకముఖ పరీక్ష అరవై ఏళ్ళపాటు నిజంగానే మంచి ఫలితాలిచ్చిందన్నది మరవకూడదు. దాని మీద నమ్మకం అనుభవం నుంచే వచ్చింది. ఆ అనుభవం కాగితానిదని, ఆ పరీక్షకు పేరు తెచ్చింది కాగితంలోని నూనె అని గుర్తించడమే కష్టమైంది. పరీక్షలో నెగ్గిన కేబుల్ నెల తరువాత కూలితే, దోషం కేబుల్‌దేనన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. పరీక్షను నిందించడానికి సాక్ష్యం ఉండదు, ఎందుకంటే కూలిన చోటు కాలిపోయి ఉంటుంది.

సెకనుకు పదోవంతు

ప్రత్యామ్నాయం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, ఏకాంతర విద్యుత్తునే అతినెమ్మదిగా తిప్పడం. సెకనుకు 50 చక్రాలకు బదులు పది సెకన్లకు ఒక చక్రం, అంటే 0.1 హెర్ట్జ్. పైన లెక్కలోని 76 కిలోవోల్ట్-ఆంపియర్లు ఇక్కడ 500వ వంతుకు పడిపోతాయి. రెండు మూడు పాత బల్బుల పాటి శక్తి. అయిదు సెకన్లకోసారి దిశ మారడంతో ఆవేశం ఒకేచోట పేరుకోదు. ఈ పద్ధతిని ముందు జనరేటర్లకు వాడారు. కేబుళ్ళకు జర్మనీలో అభివృద్ధి చెంది, 1990ల మధ్యకు అక్కడి ప్రమాణాలలో చేరింది. మామూలు వోల్టేజికి సుమారు రెండు నుంచి మూడు రెట్లు, అరగంట నుంచి గంట వరకు. అధిక వోల్టేజి కేబుళ్ళకు, కెపాసిటెన్స్‌తో అనునాదం కుదిరే 20 నుంచి 300 హెర్ట్జ్ దాకా ఉన్న యంత్రాలు వచ్చాయి.

ఇది కూడా ఒత్తిడి పరీక్షే. నిజానికి దీని ఉద్దేశమే, కూలబోయే లోపాన్ని పరీక్షా సమయంలోనే కూల్చివేయడం. విద్యుత్ చెట్టు ఒకసారి మొదలైతే 0.1 హెర్ట్జ్ దగ్గర అది గంటలోపు తొడుగును దాటేలా వోల్టేజినీ వ్యవధినీ ఎంచుకున్నారు. పరీక్షను మధ్యలో ఆపితే సగం పెరిగిన చెట్టు మిగిలిపోతుంది. అందుకే పూర్తికాలం నడపాలన్న పట్టింపు. మరమ్మతు బృందం పక్కనే ఉన్న పగటిపూట కూలడం, అర్ధరాత్రి ఆసుపత్రికి విద్యుత్తు ఇస్తూ కూలడం కన్నా మేలు. 1858లో లేనిది ఈ ఎరుకే.

రెండవ దారి కొలతది. తొడుగులోని బుడగల్లో పుట్టే పికోకూలుంబుల స్థాయి పాక్షిక ఉత్సర్గాలను వినడం, వచ్చిన సమయాన్ని బట్టి కేబుల్ మొదలు నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయో లెక్కగట్టడం. షేరింగ్ కాలం నుంచి వస్తున్న శక్తినష్టపు కొలతను 0.1 హెర్ట్జ్ దగ్గర చేసి, నీటిచెట్ల మొత్తం ప్రభావాన్ని అంచనా వేయడం. రెండూ ఒకదానికొకటి తోడు. ఉత్సర్గాల కొలత నీటిచెట్టును పట్టలేదు, అది నిశ్శబ్దంగా పెరుగుతుంది కనుక. నష్టపు కొలత లోపం ఎక్కడుందో చెప్పలేదు. ఒక్క అంకెతో ఆయుష్షు చెప్పే పరికరం ఇంకా లేదు. ఏటేటా తీసిన కొలతలను పక్కపక్కన పెట్టి, ఏ కేబుల్ ఎంత వేగంగా దిగజారుతోందో చూడడమే నేటి ఉత్తమ విధానం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో స్తంభాలనూ తీగలనూ నేలమట్టం చేసింది. ఆ తరువాత ప్రపంచబ్యాంకు సహాయంతో ఆ నగరంలో విద్యుత్ తీగలను భూగర్భానికి దించే పని చేపట్టారు. గాలికి కూలే తీగను మర్నాడు అందరూ చూస్తారు. నేల కింద కేబుల్ క్షీణత ఎవరికీ కనబడదు. పరీక్షా నివేదికలో ఒక వరుసగా మాత్రమే ఉంటుంది. కాబట్టి తీరపట్టణాల కింద ఇలా పరచుకుంటున్న కేబుళ్ళు మరో ఇరవై, ముప్పై ఏళ్ళకు ఎలా ఉంటాయన్నది కేబుల్ నాణ్యత మీద ఎంత ఆధారపడుతుందో, ఈరోజు కొత్తగా ఉండగా తీసిన తొలి కొలతలను ఎంత జాగ్రత్తగా భద్రపరిచారన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. ముందు తరం అంకె లేకపోతే తరువాతి తరానికి పోలిక లేదు. పోలిక లేనివాడికి మిగిలేది మళ్ళీ వోల్టేజి పెంచి చూడడమే.

పర్షియన్ గల్ఫ్ కేబుల్ తొట్ల పక్కన కూర్చుని, నీరు 24 డిగ్రీలకు వచ్చేదాకా ఓపిక పట్టి, ఒక నిమిషం ఆగి, ముల్లు చదివి పద్దు రాసుకున్న గుమాస్తాల పేర్లు చరిత్రకు ఎక్కలేదు. వైట్‌హౌస్ పేరు ఎక్కింది. కాని నిలిచిన కేబుళ్ళన్నీ ఆ గుమాస్తాల పద్దుల మీదే నిలిచాయి.